ఒక బకెట్ వేడినీళ్లకు ఎన్ని కట్టెలు?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో చలికాలపు ఇంధన అవసరం ప్రధానంగా స్నానపు నీళ్లకు సంబంధించినది. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తర దిక్కు నుంచి పొడిగాలి వీచే రోజుల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దాకా, అప్పుడప్పుడు అంతకంటే దిగువకు పడిపోయినా, మధ్యాహ్నానికి ఎండ తిరిగి గట్టిపడి, గోడలూ మిద్దెలూ పగటివేడిని పీల్చుకుని రాత్రికి కొంత వదులుతాయి కనుక, ఇక్కడ ఇంటిని వెచ్చబరచే పొయ్యి ఎవరికీ అవసరం పడదు. తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడిన అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. అక్కడ కట్టెలను ‘కార్డు’ అనే కొలతతో, అంటే ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు పేర్చిన దొంతరగా కొంటారు, గట్టిజాతి కలప అయితే ఒక్కో కార్డు ఆరిన తరువాత కూడా ఒకటిన్నర టన్ను దాకా తూగుతుంది, పూర్తిగా కట్టెలతోనే వెచ్చబడే ఇల్లు ఒక్క చలికాలంలో అలాంటివి కొన్ని కార్డులు మింగుతుంది. కామారెడ్డి జిల్లాలో అయిదుగురున్న కుటుంబం మూడు నెలల పాటు రోజూ స్నానపు నీళ్లు కాగబెట్టుకోవడానికి ఎంత కట్టె ఖర్చు చేస్తుందో లెక్క వేస్తే, అది ఒక కార్డులో నాలుగో వంతుకు మించదు. ఆ లెక్క ఎలా వచ్చిందో, అందులో ఎంత భాగం నీటికి చేరుతున్నదో, ఎంత భాగం పొగగా పోతున్నదో వివరించడం ఈ అధ్యాయపు పని. మూడు రాళ్ల పొయ్యి, పాత సామాన్ల దుకాణంలో దొరికే రాగి బాయిలర్, గ్యాస్ గీజర్, కరెంటు రాడ్ అనే వాటిలో దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు ఆ వివరణలోనే దొరుకుతుంది.

కొలతకు ఒక ప్రమాణం కావాలి కనుక 15 లీటర్ల బకెట్‌ను తీసుకోవచ్చు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 కిలోజౌళ్ల శక్తి అవసరం. జౌల్ అనేది శక్తికి ప్రమాణం, వెయ్యి జౌళ్లు ఒక కిలోజౌల్, వెయ్యి కిలోజౌళ్లు ఒక మెగాజౌల్. చలికాలపు ఉదయం ట్యాంకులో 20 డిగ్రీల దగ్గర ఉన్న నీటిని ఒంటికి హాయిగా తగిలే 42 డిగ్రీలకు తేవాలంటే 15 లీటర్లకు సుమారు 1.4 మెగాజౌళ్లు కావాలి. నీడన బాగా ఆరిన కట్టెలో, అంటే బరువులో అయిదో వంతు ఇంకా నీరే ఉన్న కట్టెలో, కిలోకు 14 మెగాజౌళ్లకు పైగా శక్తి ఉంటుంది. ఆ శక్తి అంతా నీటికి చేరితే వంద గ్రాముల పుల్లలతో బకెట్ నీళ్లు కాగిపోవాలి. పెరట్లో మూడు రాళ్ల మీద గంగాళం పెట్టి కాగబెట్టేవారెవరూ వంద గ్రాములతో ఆ పని ముగించలేరు; ముప్పావు కిలో నుంచి కిలో దాకా కట్టె కాలితే తప్ప నీళ్లు కాగవు. కట్టెలోని శక్తిలో పది నుంచి పదిహేను శాతం మాత్రమే గిన్నెలోకి వెళుతుందని, తక్కినదంతా గాలిలోకి, నేలలోకి, పొగలోకి పోతుందని దీని అర్థం. బకెట్‌కు 800 గ్రాములనుకుంటే, రోజుకు అయిదు బకెట్ల చొప్పున తొంభై రోజులకు సుమారు 360 కిలోలు తేలుతుంది.

ఈ నష్టాన్ని అర్థం చేసుకోవడానికి కట్టె ఎలా కాలుతుందో చూడాలి. నీరంతా తీసివేసిన కలపలో బరువు ప్రకారం దాదాపు సగం కార్బన్, నలభై శాతానికి కొంచెం పైగా ఆక్సిజన్, ఆరు శాతం హైడ్రోజన్ ఉంటాయి. ఈ మూలకాలు సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు పదార్థాలుగా అల్లుకుని ఉంటాయి. సెల్యులోజ్ పోగుల వంటిది, లిగ్నిన్ ఆ పోగులను అంటిపెట్టుకున్న గట్టి బంక వంటిది. వేడి తగిలి కలప 200 డిగ్రీలు దాటేసరికి ఈ పదార్థాలు విరిగి వాయువులుగా, తారుగా మారడం మొదలవుతుంది; దీన్నే ఉష్ణ విచ్ఛేదనం అంటారు. కలప బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా ఇలా వాయురూపంలోకి వెళుతుంది, మిగిలినది నిప్పు కణికగా, బొగ్గుగా నిలిచి మెల్లగా కాలుతుంది. పొయ్యిలో పసుపుపచ్చగా నాలుకలు చాచేది కట్టె నుంచి వెలువడిన ఆ వాయువుల మంట. ఆ వాయువులు పూర్తిగా కాలిపోవాలంటే 600 డిగ్రీలకు పైగా వేడి, సరిపడా గాలి, రెండూ కలిసి ఉండటానికి కొంత చోటు, కొంత సమయం అవసరం. వీటిలో ఏది తగ్గినా, కాలవలసిన ఇంధనం కాలకుండానే పైకి లేచి, చల్లబడి, సన్నని బిందువులుగా, మసిగా మారి కంటికి పొగగా కనబడుతుంది. పొగ అంటే కాలకుండా పారిపోతున్న కట్టె అని చెప్పినా తప్పు లేదు. మంట మీదికి చల్లటి గిన్నెను మరీ దగ్గరగా దించితే పొగ ఎందుకు పెరుగుతుందో కూడా దీనితోనే తెలుస్తుంది: గిన్నె అడుగు మంటను 600 డిగ్రీల కిందికి చల్లార్చి, వాయువుల దహనాన్ని సగంలో ఆపేస్తుంది.

పచ్చికట్టె సరిగా కాలదని జనంలో ఉన్న అభిప్రాయం సరైనదే అయినా, నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చయిపోతుందని దానికి చెప్పే కారణం మాత్రం సగమే సరైనది. అప్పుడే నరికిన చెట్టులో బరువులో సగం వరకు నీరు ఉంటుంది. ఒక కిలో పచ్చికట్టెలో అసలు కలప అరకిలో మాత్రమే కనుక, దాని నుంచి రాగల వేడి సుమారు 9 మెగాజౌళ్లు. అందులో మిగిలిన అరకిలో నీటిని ఆవిరి చేయడానికి ఒక మెగాజౌల్‌కు కొంచెం పైగా ఖర్చవుతుంది. ఈ ఖర్చు మొత్తం వేడిలో ఎనిమిదో వంతు మాత్రమే. కాగితం మీద లెక్క వేస్తే ఒకే చెట్టును పచ్చిగా కాల్చినా, ఆరబెట్టి కాల్చినా వచ్చే వేడిలో తేడా పది శాతానికి అటూ ఇటూగా తేలుతుంది. అయినా పచ్చికట్టె పెట్టిన పొయ్యి మీద నీళ్లు కాగడానికి ఆరిన కట్టెతో పట్టే కాలానికి రెట్టింపు పడుతుందన్నది వండేవారందరి అనుభవం. నీరు ఆవిరవుతున్నంతసేపు కట్టె ఉపరితలం 100 డిగ్రీల దగ్గరే నిలిచిపోయి, పైకి వచ్చే ఆవిరి మంటను చల్లార్చి, వాయువుల్లో అధికభాగాన్ని కాలకుండా పొగగా పంపేయడమే దీనికి కారణం. నీటిని ఆవిరి చేసే ఖర్చు చిన్నది, మంట చల్లబడటం వల్ల కలిగే నష్టం పెద్దది. తూకం మీద కొనేవారికి మరో నష్టం కూడా ఉంది: కట్టెల అడితిలో పచ్చికట్టె క్వింటాలు కొంటే యాభై కిలోల నీటికి డబ్బు చెల్లించినట్టే.

ఆరబెట్టడానికి కామారెడ్డి ప్రాంతపు వాతావరణం కంటే అనుకూలమైనది దొరకడం కష్టం. కలపలోని నీరు రెండు రకాలు: కణాల లోపలి ఖాళీల్లో నిండి ఉండేది స్వేచ్ఛాజలం, కణాల గోడలకు అంటుకుని ఉండేది బద్ధజలం. మొదటిది త్వరగానే పోతుంది, రెండోది చుట్టూ ఉన్న గాలి ఎంత పొడిగా ఉంటే అంత దూరం దిగుతుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, గాలిలో తేమ పాతిక శాతం దగ్గరకు పడిపోయినప్పుడు సన్నని పుల్లలు అయిదారు శాతం తేమ దాకా ఆరిపోతాయి. జులై, ఆగస్టు ముసుర్లలో అదే పుల్లలు గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుని పద్దెనిమిది శాతం దగ్గరకు చేరుకుంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన ఎండల్లో కట్టెల చివరలు కూడా పగులుతాయి, ఆ పగుళ్లే కట్టె ఆరిందనడానికి గుర్తు. ఉగాదికి ముందే చీల్చి పేర్చి, మృగశిర కార్తె చినుకులు పడేలోగా రేకుల కిందికి చేర్చిన కట్టె డిసెంబరు నాటికి ఏ విదేశీ యంత్రమూ ఇవ్వలేనంత మంచి ఇంధనం అవుతుంది. ఇక్కడ చీల్చడం అన్న మాట ముఖ్యం. నీరు కలప లోపలి నుంచి బయటికి వచ్చే వేగం మందం మీద ఆధారపడుతుంది, ఆ ఆధారం కూడా మందానికి వర్గం చొప్పున ఉంటుంది కనుక, మందం సగమైతే ఆరే కాలం నాలుగో వంతు అవుతుంది. దుంగను దుంగగానే ఏడాది పాటు ఎండలో పడేసినవారి కంటే, రెండు నెలల ముందు నాలుగు చీలికలుగా కొట్టి పెట్టుకున్నవారి కట్టె బాగా కాలుతుంది. కట్టె ఆరిందో లేదో తేల్చుకోవడానికి కిరాణా తరాజు చాలు: ఒక చీలికను తూచి, వారం రోజులు ఎండలో ఉంచి మళ్లీ తూస్తే, బరువు తగ్గడం ఆగిపోయిన నాడు అది సిద్ధమైనట్టు.

ఇంధనాన్ని ఆరబెట్టడంలోని ఈ రహస్యం బెల్లం వండేవారికి ఎప్పటినుంచో తెలుసు. కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు తెలంగాణలో పేరుంది, మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టిన తరువాత ఈ ప్రాంతంలో చెరకు విస్తరించింది. బెల్లం గానుగ దగ్గర రసం తీయగా మిగిలిన చెరకు పిప్పిని ఎండలో పరచి, తిరగేసి, కరకరలాడేదాకా ఆరబెట్టిన తరువాతే పొయ్యిలోకి తోస్తారు. అక్కడి వేడి లెక్క చాలా బిగుతుగా ఉంటుంది. టన్ను చెరకు నుంచి సుమారు 600 కిలోల రసం వచ్చి, అది మరిగి 100 కిలోల దాకా బెల్లం అయ్యేసరికి దాదాపు 500 కిలోల నీరు ఆవిరైపోవాలి. కిలో నీటిని ఆవిరి చేయడానికి 2.26 మెగాజౌళ్లు చొప్పున, రసాన్ని మరిగే స్థితికి తెచ్చే వేడిని కూడా కలుపుకుంటే మొత్తం 1,300 మెగాజౌళ్ల దగ్గర తేలుతుంది. అదే టన్ను చెరకు నుంచి ఆరిన పిప్పి సుమారు 200 కిలోలు వస్తే, అందులో ఉన్న శక్తి 3,000 మెగాజౌళ్లు. అంటే పొయ్యి సామర్థ్యం నలభై శాతం దాటితేనే చెరకు తన పిప్పితో తానే బెల్లం అవుతుంది, అంతకు తగ్గితే బయటి కట్టె కొనవలసిందే. పిప్పిని తడిగా తోసే వంటవాడు నష్టాల్లో పడటానికి కారణం ఈ బిగుతే. ఇంటి పొయ్యికి ఇంత ఖచ్చితమైన పద్దు ఎవరూ రాయరు, నష్టం అక్కడ కనబడదు కూడా.

ఏ చెట్టు కట్టె మంచిదన్న చర్చకు ఊళ్లలో అంతం లేదు. బరువుతో కొలిస్తే జాతుల మధ్య తేడా చాలా తక్కువ: ఒకే తేమ ఉన్నప్పుడు తుమ్మ కిలో, మోదుగ కిలో దాదాపు ఒకే వేడినిస్తాయి, లిగ్నిన్ ఎక్కువ ఉన్నదానిది కొద్దిగా పైచేయి అవుతుంది. తేడా వచ్చేది సాంద్రతలో. ఆరిన తుమ్మ ఘనమీటరుకు సుమారు 800 కిలోలు తూగితే, మోదుగ 550 దగ్గరే ఆగుతుంది; బండి మీద ఒకే ఎత్తున పేర్చిన కట్టెల్లో తుమ్మ బండిలో ఎక్కువ వేడి ఉంటుంది, దాని నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది. అందువల్ల తూకం మీద కొనేటప్పుడు జాతిని కాక తేమను చూడాలి, బండి లెక్కన కొనేటప్పుడు జాతిని చూడాలి. సర్కారు తుమ్మ కూడా ఈ గట్టికట్టెల కోవలోనిదే. అమెరికా ఖండానికి చెందిన ఈ చెట్టును 1877 ప్రాంతంలో వంటచెరకు కోసమే కడప జిల్లాలో నాటారు, ఆ తరువాత అది బీడులనూ చెరువు కట్టలనూ ఆక్రమించుకుంది. గన్నేరు కట్టెను పొయ్యిలో పెట్టరాదన్న పెద్దల నియమానికి మాత్రం గట్టి ఆధారం ఉంది, ఆ చెట్టు అణువణువూ విషమే, దాని పొగ కూడా హాని చేస్తుంది.

ఎల్లారెడ్డి చుట్టూ ఉన్న అడవి ఆకురాల్చే పొడి అడవి. టేకు, నల్లమద్ది, తిరుమాను, తునికి, మోదుగ అందులో కలిసి పెరుగుతాయి. పోచారం చెరువును ఆనుకుని ఉన్న అడవిని 1952లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, నీరు, నేల, చెట్ల రక్షణకు ఉద్దేశించిన 2002 నాటి వాల్టా చట్టం వచ్చిన తరువాత సొంత పొలంలోని చెట్టును నరకడానికి కూడా అనుమతి అవసరమైంది. ఎండి రాలిన కొమ్మలను ఏరుకుని మోపు కట్టుకుని వచ్చే స్త్రీ వల్ల అడవి తరిగిపోతుందన్న ఆరోపణలో పస తక్కువ. పచ్చిచెట్టును మొదలంటా కొట్టి అమ్ముకునే వ్యాపారం వేరు, పుల్లలు ఏరుకోవడం వేరు. నిజానికి ఈ మండలాల్లో కాలుతున్న ఇంధనంలో గణనీయమైన భాగం అడవిది కాదు, చేనుది. పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు ఏటా పంట చేతికి రాగానే కుప్పలుగా మిగులుతాయి, వీటిని ఆరబెట్టడానికి చీల్చవలసిన పని కూడా ఉండదు. ఇవి తేలికగా ఉండి భగ్గున మండి చల్లారిపోతాయి కనుక వంటకు విసుగు పుట్టిస్తాయి, నీళ్లు కాగబెట్టడానికి మాత్రం చక్కగా సరిపోతాయి. వడ్ల ఊక సంగతి వేరు. దాని బరువులో అయిదో వంతు దాకా బూడిదే మిగలడం వల్ల, అందుకోసం కట్టిన ప్రత్యేకమైన పొయ్యిలో తప్ప అది సరిగా కాలదు.

ఇక పాత బాయిలర్ సంగతి. పాతిక నుంచి నలభై లీటర్ల నీళ్లు పట్టే రాగి పాత్ర, దాని నడుమ నిలువుగా ఒక గొట్టం, గొట్టం అడుగున నిప్పు వేసే జల్లెడ, పైన పొగ పోయే దారి, పక్కన కుళాయి ఉన్న ఈ ఉపకరణం మరాఠీ ప్రాంతంలో బంబ్ పేరుతో ఇంటింటా ఉండేది. గిన్నె కింద మంట వేసినప్పుడు వేడి గాలి గిన్నె అడుగును తాకి పక్కలకు జారిపోతుంది. బాయిలర్‌లో మంట నీటి మధ్యలో ఉండటం వల్ల పైకి వెళ్లే వేడి గాలి గొట్టం పొడవునా నీటి గోడను రాసుకుంటూ పోవలసిందే. సామర్థ్యం ఇరవై అయిదు శాతానికి చేరిందనుకుంటే బకెట్ నీళ్లకు 400 గ్రాముల కట్టె సరిపోతుంది, అంటే మూడు రాళ్ల పొయ్యి ఖర్చులో సగం. రాగి వేడిని త్వరగా ప్రసరింపజేస్తుంది కాబట్టి నీళ్లు త్వరగా కాగుతాయని అమ్మేవారు చెబుతారు. రాగి ఇనుము కంటే ఎన్నో రెట్లు మంచి ఉష్ణవాహకమన్న మాట నిజమే, కానీ అది ఇక్కడ అక్కరకు రాదు. మంట నుంచి నీటికి వెళ్లే దారిలో వేడికి ఎదురయ్యే అడ్డంకుల్లో అన్నిటికంటే పెద్దది గొట్టం గోడకు అంటుకుని నిలిచే సన్నని గాలిపొర. దానితో పోలిస్తే మిల్లీమీటరు మందం ఉన్న లోహపు రేకు, రాగిదైనా ఇనుముదైనా, లెక్కలోకి రానంత స్వల్పం. బోరు నీళ్ల కాఠిన్యం వల్ల లోపల పేరుకునే తెల్లటి సున్నపు పొక్కు ఒక మిల్లీమీటరు ఉన్నా మొత్తం అడ్డంకిని మూడు, నాలుగు శాతమే పెంచుతుంది. నిప్పు వైపు పేరుకునే మసి అలా కాదు, అది వేడికి చాలా చెడ్డ వాహకం కావడం వల్ల ఒక మిల్లీమీటరు మసి అడ్డంకిని దాదాపు మూడో వంతు పెంచగలదు. కాబట్టి పాత బాయిలర్ కొన్నవారు లోపలి పొక్కును గోకడం కోసం ఆరాటపడే కంటే, వారానికి ఒకసారి గొట్టంలోకి కొబ్బరి పీచు చుట్టిన కర్ర దించి మసి దులపడం మేలు.

రాగికి విలువ మరో విధంగా ఉంది: అది ఇనుములా తుప్పు పట్టదు, చిల్లి పడితే మాటు వేయవచ్చు, చివరికి తూకానికి అమ్మినా డబ్బు తిరిగి వస్తుంది. కొనేటప్పుడు చూడవలసినవి అతుకులు. మాటుకు వాడే తగరం, సీసం మిశ్రమం 200 డిగ్రీల అటూ ఇటూలో కరిగిపోతుంది; నీళ్లు నిండి ఉన్నంతవరకు గోడ ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు పెద్దగా మించదు కనుక మాటు భద్రంగా ఉంటుంది, నీళ్లు లేకుండా నిప్పు వేసిన ఒక్క ఉదయం చాలు అతుకులు విడిపోవడానికి. పలుచోట్ల మాట్లు కనబడే బాయిలర్ అలాంటి ఉదయాలు చూసినదై ఉంటుంది, దాన్ని వదిలేయాలి. ఆవిరి బయటికి పోయే దారి, అంటే పైమూత దగ్గర ఖాళీ, ఎప్పుడూ తెరిచి ఉండాలి. దాన్ని మూసి, కుళాయిని కూడా కట్టేసి మంట పెడితే ఆవిరి ఒత్తిడికి పాత్ర పేలిపోతుంది.

పొయ్యి పనితీరు పొగగొట్టం పొడవు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. రెండు మీటర్ల పొగగొట్టంలో 200 డిగ్రీల వేడి గాలి ఉంటే, బయటి చల్లగాలి కంటే తేలికైనందువల్ల అది పైకి లేస్తూ పొయ్యి నోటి దగ్గర కొత్త గాలిని లోపలికి లాగుతుంది. ఈ లాగుడు ఒత్తిడి సుమారు 8 పాస్కళ్లు, అంటే ఒక మిల్లీమీటరు నీటిమట్టం కలిగించే ఒత్తిడి కంటే కూడా తక్కువ. ఇంత అల్పమైన బలం మీద నడిచే పొయ్యి కాబట్టే, గొట్టంలో మసి కొద్దిగా అడ్డుపడినా, పైన గాలివాటం మారినా పొగ వెనక్కి తిరుగుతుంది. ఈ చిన్న బలాన్ని సామాన్యుల వంటింటికి తేవాలన్న ప్రయత్నం హైదరాబాదులోనే జరిగింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలకు సంచాలకుడిగా ఉన్న ఎస్.పి. రాజు 1950ల తొలినాళ్లలో మట్టితో కట్టుకోగల పొగలేని పొయ్యిని రూపొందించి, దాని గురించి 1953లో మద్రాసు నుంచి ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. ఒకే మంట మీద ఒకటికి మించిన గిన్నెలు పెట్టుకోవడానికి వీలుండి, పొగను గొట్టం గుండా కప్పు మీదికి పంపే ఆ పొయ్యి, సంస్థ ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలతో ‘హెర్ల్’ పొయ్యిగా దేశమంతా తెలిసింది. 1983లో కేంద్రం మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ఆ బాటలోదే. 2002లో ఆ కార్యక్రమం ముగిసేనాటికి కోట్లలో పొయ్యిలు పంచారు, వాటిలో చాలావాటి మట్టి పగిలి, గొట్టాలు మూసుకుపోయి పక్కన పడ్డాయి. ఎన్ని పొయ్యిలు కట్టారన్నదే లెక్క అయినప్పుడు, గొట్టం తుడవడం నేర్పే పని ఎవరి పద్దులోనూ లేకపోవడం ఆశ్చర్యం కాదు.

పొగ చేసే హాని విషయంలో ఈ ప్రాంతానికి సంబంధించిన కొలతలే ఉన్నాయి. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల గ్రామాల్లో 420 ఇళ్లలో గాలిని కొలిచి, ఫలితాలను 2004లో ప్రచురించింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి నాడు భాగంగా ఉన్న నిజామాబాద్ ఆ జిల్లాల్లో ఒకటి. ఊపిరితిత్తుల లోతుకు చేరగల సన్నని ధూళికణాల ఇరవై నాలుగు గంటల సగటు, గ్యాస్ వాడే ఇళ్లలో ఘనమీటరు గాలికి 73 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో 732 దాకా చేరింది; మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. అన్నిటికంటే ఎక్కువ పొగ పీల్చినవారు వండే స్త్రీలు, వారిలోనూ 15 నుంచి 40 ఏళ్ల మధ్యవారు, ఇది ఊహించదగినదే. పురుషుల్లో ఎక్కువ పీల్చినవారు 65 నుంచి 80 ఏళ్ల వృద్ధులు కావడం మాత్రం గమనించదగిన సంగతి, వారు పొయ్యి దగ్గరికి వెళ్లరు, కానీ పొగ ఉన్న ఇంటిని విడిచి బయటికీ వెళ్లరు.

స్నానపు నీళ్ల పొయ్యి సాధారణంగా పెరట్లో ఉంటుంది కనుక దాని పొగ వంటింటి పొగ అంత ఘాటుగా చేరదు. అయినా చలికాలపు తెల్లవారుజామున ఒక చిక్కు ఉంది. రాత్రంతా నేల వేడిని ఆకాశంలోకి వదిలి చల్లబడటం వల్ల నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైనున్న గాలి వెచ్చగా ఉంటుంది. మామూలుగా ఎత్తుకు పోయేకొద్దీ తగ్గవలసిన ఉష్ణోగ్రత ఇక్కడ తలకిందులవుతుంది కనుక దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చల్లగాలి బరువుగా కింద పడి ఉండి, పొగను పైకి పోనివ్వదు. ఊరంతా ఒకే గంటలో నీళ్ల పొయ్యిలు ముట్టించినప్పుడు ఆ పొగ కప్పుల ఎత్తులోనే పరుచుకుని, పొద్దెక్కి నేల వేడెక్కేదాకా కదలదు. గంట ఆలస్యంగా, ఎండ పడిన తరువాత పొయ్యి ముట్టించడం వల్ల తగ్గే పొగ తక్కువేమీ కాదు.

గ్యాస్ లెక్క తేలిక. కిలో వంటగ్యాసులో 46 మెగాజౌళ్లు ఉంటాయి, గిన్నెకు చేరేది అరవై అయిదు శాతం అనుకుంటే బకెట్ నీళ్లకు 47 గ్రాములు, 14.2 కిలోల సిలిండర్‌తో మూడు వందల బకెట్లు. అయిదుగురి ఇంట్లో రోజూ అయిదు బకెట్లయితే ఒక సిలిండర్ రెండు నెలలు వస్తుంది, కానీ అది వంటకు కాక స్నానానికే. 1999లో స్వయం సహాయక సంఘాల స్త్రీల కోసం వచ్చిన దీపం పథకం, 2016 మే 1న మొదలైన ఉజ్వల పథకం గ్యాస్ పొయ్యిని పల్లె వంటింట్లోకి తెచ్చినా, పెరటి పొయ్యి ఆరకపోవడానికి కారణం ఇదే: కూరకూ అన్నానికీ కొనగలిగిన గ్యాస్‌ను బకెట్ల కొద్దీ నీటికి ఖర్చు చేయడానికి చేతులు రావు. కరెంటు రాడ్ బకెట్‌కు 0.4 యూనిట్ తీసుకుని, 1,500 వాట్లదైతే పావుగంటలో పని ముగిస్తుంది. ప్లగ్గు తీయకుండా నీళ్లలో వేలు పెట్టి చూసే అలవాటే దానితో ప్రమాదం.

సూర్యరశ్మి ఈ ఎంపికలన్నిటికంటే ఈ ప్రాంతానికి నప్పుతుంది. చలి దేశాల్లో వేడి అవసరమైన నెలల్లోనే ఎండ బలహీనంగా ఉంటుంది, కామారెడ్డిలో అందుకు భిన్నంగా, రాత్రులు అన్నిటికంటే చల్లగా ఉండే డిసెంబరు, జనవరిల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. రెండు చదరపు మీటర్ల సోలార్ వాటర్ హీటర్ మీద రోజుకు పడే సుమారు పది యూనిట్ల శక్తిలో సగం నీటికి చేరినా అది 18 మెగాజౌళ్లు, పన్నెండు బకెట్లకు పైమాట. మిద్దె ఉండి, మొదటి పెట్టుబడి పెట్టగలిగినవారికి వేరే ఆలోచన అవసరం లేదు. రేకుల ఇంట్లో ఉండి, చేను నుంచి పత్తి కట్టె, కంది కట్టె తెచ్చుకోగలవారికి అతుకులు గట్టిగా ఉన్న పాత బాయిలర్, వేసవిలో ఆరబెట్టి రేకు కింద దాచిన ఇంధనం సరిపోతాయి. కట్టెను డబ్బిచ్చి కొనవలసిన పట్టణవాసికి మాత్రం రాడ్ కంటే బాయిలర్ చవకని అడితి ధర, కరెంటు బిల్లు పక్కపక్కన పెట్టి చూసుకోకుండా అనుకోవడం పొరపాటు.

ఏది కొన్నా ఒక నియమాన్ని సడలించకూడదు. కిలో గ్యాస్ పూర్తిగా కాలడానికి సుమారు 13 ఘనమీటర్ల గాలి కావాలి, చిన్న స్నానాల గదిలో ఉన్న గాలి మొత్తం అయిదారు ఘనమీటర్లకు మించదు. గాలి చాలని చోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అది పట్టుకుంటుంది. తలుపులు మూసిన పడకగదిలో పెట్టుకునే బొగ్గుల కుంపటి నుంచి వెలువడేదీ ఇదే వాయువు. గ్యాస్ గీజర్‌ను, కట్టెల బాయిలర్‌ను స్నానాల గది బయటే అమర్చుకుని, నీటిని మాత్రమే లోపలికి తీసుకువెళ్లాలి.